పెద్దావిడ గదిలో కెమెరా: ఎవరిని అడిగి పెట్టారు?

ప్రశ్న: మా అత్తగారికి 78 ఏళ్లు. ఆరు నెలల కిందట రాత్రిపూట మంచం దిగుతూ పడిపోయారు. అప్పుడు విదేశంలో ఉండే మా బావగారు ఒక వైఫై కెమెరా, ఒక స్మార్ట్ స్పీకర్ పంపించారు. కెమెరా అత్తగారి గదిలో, స్పీకర్ హాల్లో పెట్టాం. యాప్ బావగారి ఫోన్లోనూ మావారి ఫోన్లోనూ ఉంది, నా ఫోన్లో లేదు. పోయిన వారం నేను అత్తగారి గదిలో కూర్చుని మా అక్కతో ఫోన్లో మాట్లాడిన విషయాన్ని బావగారు మావారి దగ్గర ఎత్తారు. అప్పటి నుంచి ఆ గదిలోకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. అత్తగారికి ఒళ్లు తుడిచి బట్టలు మార్చే ఆయా కూడా "నన్ను కూడా చూస్తున్నారా అమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇంట్లో ఒకరు పెట్టిన కెమెరాకు మిగతావాళ్ల అనుమతి అక్కర్లేదా? ఆ కంపెనీ మా మాటలు వినడం చట్టప్రకారం సరైనదేనా? ఈ రికార్డింగులు రేపు మా మీదే వాడొచ్చా?
(ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలకంటే ముందు ఆయా అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను. ఎందుకంటే మీ ఉత్తరం చదివాక నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. ఆ గదిలో రోజూ బట్టలు విప్పించుకునేది మీ అత్తగారు. ఆవిడకు ఆ సేవ చేసేది ఆయా. కెమెరా ముందు ఉండేది వాళ్లిద్దరే. కెమెరా పెట్టేటప్పుడు వాళ్లిద్దరినీ ఎవరూ అడిగినట్టు లేదు.

అవును, ఆయాను కూడా చూస్తున్నారు. చూడకపోయినా రికార్డు అవుతూ ఉండవచ్చు. ఆమెకు ఆ నిజం చెప్పేయండి.

ఇక చట్టం మాట. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి ఇది) 77వ సెక్షన్ ఉంది. తనను ఎవరూ చూడటం లేదని ఒక స్త్రీ సహజంగా అనుకునే చోట, ఆమె ఒంటి మీద బట్టలు లేనప్పుడో లోదుస్తులతో ఉన్నప్పుడో చూడటం, ఫొటో లేదా వీడియో తీయడం, దాన్ని ఇంకొకరికి పంపడం నేరం. మొదటిసారి రుజువైతే ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా. దీనితోపాటు ఐటీ చట్టంలో 66ఇ సెక్షన్ ఉంది. మనిషి శరీరంలోని గుప్త భాగాల చిత్రాన్ని అనుమతి లేకుండా కావాలని గానీ, తెలిసి గానీ తీసినా, పంపినా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో స్త్రీ పురుష భేదం లేదు, వయసు భేదం లేదు. 78 ఏళ్ల తల్లికి కూడా ఇది వర్తిస్తుంది.

మీ బావగారు నేరం చేశారని నేను అనడం లేదు. తల్లి మళ్లీ పడిపోతుందేమోనన్న భయంతో దూరాన ఉన్న కొడుకు చేసిన పని ఇది, అందులో దురుద్దేశం నాకు కనిపించలేదు. కానీ ఒక్క విషయం గమనించండి. 66ఇ సెక్షన్‌లో "తెలిసి" అనే మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. ఆ గదిలో బట్టలు మారుస్తారన్న ఆలోచన ఇన్నాళ్లూ ఎవరికీ రాలేదని అనుకుందాం. ఇప్పుడు ఆయా అడిగింది, మీకు తెలిసింది, రేపు మీరు చెబితే బావగారికీ మీవారికీ తెలుస్తుంది. ఆ తర్వాత కూడా కెమెరా అదే కోణంలో ఉంటే "మాకు తెలియదు" అనడానికి ఉండదు. యాప్ మీవారి ఫోన్లోనూ ఉంది, కెమెరా బిగించింది మీ ఇంట్లోవాళ్లే. కాబట్టి ఇది బావగారొక్కరి సమస్య కాదు. ఈ జవాబు చదివిన రోజే ఆ కెమెరా ముఖం తిప్పేయండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇంట్లో ఒకరు పెట్టిన కెమెరాకు మిగతావాళ్ల అనుమతి కావాలా? కావాలి అనే నా అభిప్రాయం, దానికి ఈమధ్యే మంచి ఆధారం దొరికింది. ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు అన్నదమ్ముల గొడవ కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. ఒకరు ఇంటి లోపల, నివాస భాగంలో, రెండో వారి సమ్మతి లేకుండా సీసీ కెమెరాలు పెట్టారు. అది గోప్యత హక్కుకు భంగమని 2025 ఫిబ్రవరిలో హైకోర్టు చెప్పింది. ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు నిరాకరించింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అది ముఖ్యంగా ప్రభుత్వాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట. కలకత్తా తీర్పు ఆ హక్కును ఇంటి గోడల లోపలికి, అన్నదమ్ముల మధ్యకు తీసుకొచ్చింది. వస్తువు ఎవరు కొన్నారు, ఇల్లు ఎవరి పేరున ఉంది అన్నది ఒక ప్రశ్న. ఆ గదిలో ఉన్న మనిషి సమ్మతి ఇచ్చారా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తీరిపోదు.

మరి కొత్త డేటా రక్షణ చట్టం బావగారికి వర్తించదా అని మీరు అడగవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 3వ సెక్షన్ ఒక మినహాయింపు ఇచ్చింది. ఒక వ్యక్తి తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో వాడుకునే డేటాకు ఈ చట్టం వర్తించదు. కాబట్టి బావగారి మీద ఆ చట్టం కింద ఫిర్యాదు చేయాలనుకుంటే అది నిలవడం కష్టం. ఆయన విషయంలో పనికొచ్చేవి నేను పైన చెప్పిన సెక్షన్లు, గోప్యత హక్కు. ఒకవేళ ఎవరైనా కెమెరాను మిమ్మల్ని అదుపులో పెట్టడానికి, ఎవరితో మాట్లాడుతున్నారో కనిపెట్టి వేధించడానికి వాడితే 2005 నాటి గృహహింస చట్టం కింద మానసిక వేధింపుగా చూపించి, రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. మీ ఉత్తరంలో వ్యవహారం అంతదూరం వెళ్లినట్టు నాకు కనిపించలేదు. కానీ మీ ఫోన్ మాటలు ఆయన విన్నారు, ఇంకొకరి దగ్గర ఎత్తారు. తల్లి క్షేమానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట ఆయనకు సూటిగా చెప్పే హక్కు మీకుంది.

కంపెనీ సంగతికి వద్దాం. స్మార్ట్ స్పీకర్ సాధారణంగా తన పేరు వినపడేదాకా చుట్టూ ఉన్న శబ్దాన్ని తనలోనే కొద్ది క్షణాలపాటు పట్టి వదిలేస్తూ ఉంటుంది. పేరు వినపడిందనుకున్నాక మాటల్ని కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. "అనుకున్నాక" అని ఎందుకన్నానంటే, టీవీలో వచ్చిన మాటకో, మీరు వేరే ఎవరినో పిలిచిన పిలుపుకో అది పొరపాటున మేలుకుంటుంది. అప్పుడు రికార్డయిన మాటలు కూడా మీ ఖాతాలో నిలవ ఉంటాయి. వైఫై కెమెరా తీరు వేరు. కదలిక కనపడితే చాలు, వీడియో ముక్క క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలోకి, వెళ్లేలా చాలా కెమెరాలు పనిచేస్తాయి. అక్కడ దాన్ని ఎవరు చూస్తారన్నది కంపెనీ లోపలి క్రమశిక్షణ మీద ఆధారపడి ఉంటుంది.

ఆ క్రమశిక్షణ తప్పితే ఏం జరుగుతుందో అమెరికాలో బయటపడింది. 2023లో అక్కడ వినియోగదారుల ప్రయోజనాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రింగ్ అనే కెమెరాల కంపెనీ మీద ఫిర్యాదు వేసింది. ఉద్యోగులు, కాంట్రాక్టర్లు కస్టమర్ల ప్రైవేటు వీడియోలు చూడగలిగేవారని, ఒక ఉద్యోగి ఆడవాళ్ల పడకగదులు, స్నానాల గదుల్లోని కెమెరాల నుంచి వేలకొద్దీ వీడియోలు చూశాడని అందులో పేర్కొంది. ఆ కేసు 58 లక్షల డాలర్లకు పరిష్కారమైంది. అదే సమయంలో, పిల్లల స్వర రికార్డింగులను ఎంతకాలమైనా దాచి ఉంచిందని, చెరిపేయమన్న తల్లిదండ్రుల మాట సరిగా పాటించలేదని అలెక్సా విషయంలో అమెజాన్ మీద కేసు వేస్తే, ఆ కంపెనీ రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అవి మన కోర్టుల తీర్పులు కావు, మనకు కట్టుబాటు కావు. అయినా పడకగదిలో కెమెరా పెట్టుకునే ప్రతి ఇంటివాళ్లూ వీటిని తెలుసుకోవాలని నా కోరిక.

మన దగ్గర పరిస్థితి ప్రస్తుతం సగం దారిలో ఉంది. డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల బాధ్యతలకు సంబంధించిన ముఖ్యమైన సెక్షన్లు అప్పటి నుంచి 18 నెలలకు అమలయ్యేలా పెట్టారు. అవి పూర్తిగా అమల్లోకి వచ్చాక కంపెనీ ఏ డేటా ఎందుకు తీసుకుంటుందో స్పష్టంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలి, అంటే తెలుగులో కూడా. సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, డేటా చెరిపేయమని అడగవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల అనుమతి ఉందని కంపెనీ నిర్ధారించుకోవాలి. డేటా భద్రత గాలికి వదిలేసిన కంపెనీకి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడుతుంది. అయితే ఆ డబ్బు ప్రభుత్వ ఖాతాకు వెళ్తుంది, నష్టపోయిన మీ చేతికి రాదు. ఈ చట్టంలో నాకు నచ్చని అంశం అదే.

అందాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వినియోగదారు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టవిరుద్ధంగా ఇతరులకు ఇవ్వడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వాణిజ్య పద్ధతిగా చెబుతోంది. అలాంటిది జరిగినట్టు తేలితే వినియోగదారుల కమిషన్‌లో నష్టపరిహారం అడగవచ్చు. ఇక్కడ మీకో చిక్కు ఉంది: యాప్‌లో "ఒప్పుకుంటున్నాను" అని నొక్కింది బావగారు. కంపెనీ తన కాగితాల్లో ఆ ఒక్క నొక్కుడునే చూపిస్తుంది. కానీ ఆయన తన తరఫున ఒప్పుకోగలరు గానీ మీ తరఫున, ఆయా తరఫున, తల్లి తరఫున ఒప్పుకోలేరు. అత్తగారికి మతి స్థిమితంగా ఉంటే ఆవిడ సమ్మతి ఆవిడే ఇవ్వాలి. వయసు పైబడినంత మాత్రాన ఆ హక్కు కొడుకులకు వచ్చేయదు.

రికార్డింగులు మీ మీద వాడొచ్చా అన్న మూడో ప్రశ్నకు జవాబు మీకు నచ్చకపోవచ్చు. వాడే ప్రయత్నం చేయవచ్చు. భార్యాభర్తల వివాదంలో ఒకరికి తెలియకుండా ఇంకొకరు రికార్డు చేసిన ఫోన్ సంభాషణలను సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. దొంగచాటుగా రికార్డు చేశారన్న ఒక్క కారణంతో మన కోర్టులు సాధారణంగా సాక్ష్యాన్ని పక్కన పెట్టవు. అయితే కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జత చేయాలి, అది కత్తిరింపులు లేని అసలు రికార్డేనని తేలాలి. సాక్ష్యంగా తీసుకోవడం, అలా రికార్డు చేయడం తప్పు కాదనడం రెండూ ఒకటి కావు.

ఇక చేయవలసిన పని. కోపంలో కెమెరాను విరగ్గొట్టకండి. ఓటీపీ పట్టుకుని బావగారి ఖాతాలోకి దూరకండి. అనుమతి లేకుండా ఇంకొకరి ఖాతాలోకి వెళ్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు మీ మెడకే చుట్టుకుంటాయి. మీ ఇంట్లో ఉన్న పరికరం ప్లగ్ తీయడం, దాని ముఖం గోడవైపు తిప్పడం వేరు, అందులో తప్పు లేదు. మీవారి ఫోన్లో యాప్ ఉంది కదా, ఆయనతో కూర్చుని ఎవరెవరి దగ్గర లాగిన్ ఉందో చూడండి. తెలియని పేరు గానీ ఫోన్ గానీ కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే తీసేయండి. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. కెమెరా మైకు ఆపేయండి. తల్లి పడిపోయిందో లేదో తెలియడానికి మాటలు వినక్కర్లేదు. స్పీకర్ పాత రికార్డింగులు చెరిపేయడానికి ఖాతా సెట్టింగుల్లో వీలుంటుంది. కాకపోతే ఒకసారి పెట్టిన సెట్టింగు ఎప్పటికీ అలాగే ఉంటుందని నమ్మకండి. రికార్డింగులు తన సర్వర్‌కు పంపకుండా ఉండే వీలును అమెరికాలో, అలెక్సా పనిచేసే కొన్ని ఎకో స్పీకర్లలో, అమెజాన్ 2025 మార్చిలో తీసేసింది. స్పీకర్ మీద ఉండే మ్యూట్ బటన్ వీటన్నిటికంటే నమ్మదగినది.

అసలు ఆ గదికి కెమెరా కావాలా అన్నది కూడా ఆలోచించండి. మనిషి మంచం దిగితే మోగే సెన్సర్లు, పడిపోతే కబురు పంపే చేతి పట్టీలు, మెడలో వేసుకునే బటన్లు ఉన్నాయి. వాటిలో బొమ్మ ఉండదు, మాట ఉండదు. నన్నడిగితే మీ ఇంటికి అవే సరిపోతాయి. కెమెరా ఉండాల్సిందే అనుకుంటే మంచం పక్కన నేల, తలుపు వరకే కనపడేలా తిప్పండి. ఒళ్లు తుడిచే, బట్టలు మార్చే వేళల్లో మూత వేసి ఉంచండి. ఆ మూత వేసే అధికారం ఆయా చేతిలో ఉండాలి, ఆమె ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. కెమెరా ఎక్కడ ఉంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది అన్నది ఆమెకు అర్థమయ్యే భాషలో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. వద్దంటే ఆమె పని పోకూడదు.

బావగారికి ఫోన్ చేస్తే మాట తూలవచ్చు, రాతపూర్వకంగా ఉండటం మీకూ మంచిది. మీవారు, మీరు ఇద్దరూ కలిసి ఇలా ఒక మెసేజ్ పంపండి:

"బావగారూ, అత్తయ్యగారి గురించి మీ బెంగ మాకు అర్థమవుతుంది. ఆ గదిలో ఆవిడకు ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం జరుగుతుంది కాబట్టి ఈరోజు నుంచి కెమెరాను మంచం మీదికి కాకుండా తలుపువైపు తిప్పాం, మైకు ఆపేశాం. ఇప్పటివరకు రికార్డయిన వీడియోలు మీ దగ్గర ఉంటే దయచేసి ఎవరికీ పంపకండి, చెరిపేసి మాకు చెప్పండి. అత్తయ్యగారిని కూడా అడిగాం, ఆవిడ ఏమన్నారో ఆదివారం కాల్‌లో ఆవిడే మీతో చెబుతారు."

పంపేముందు, చివరి వాక్యం నిజమయ్యేలా అత్తగారి పక్కన కూర్చుని ఆవిడను అడగండి.