ఎలక్ట్రిక్ కారు బ్రేకులు: అరగడం కన్నా పట్టేయడమే అసలు జబ్బు

ఎలక్ట్రిక్ కారు బ్రేకులు చాలా కాలం మన్నుతాయంటారు కదా, వాటిని ఇంటి దగ్గర సొంతంగా చూసుకోవచ్చా, లేక ప్రతిసారీ కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళ్లాలా అని మీరు అడిగారు. చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. అయితే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్లు మార్చడం ఇందులో ఎప్పుడో గానీ రాని పని. ఏడాదికొకసారి చక్రాలు విప్పి, ఆ ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్నులు బయటికి లాగి, తుడిచి, సరైన గ్రీజు పెట్టి మళ్లీ బిగించడమే అసలు పని. పెట్రోలు కారు బ్రేకులు వాడగా వాడగా అరుగుతాయి. ఎలక్ట్రిక్ కారువి వాడకపోవడం వల్ల చెడిపోతాయి. సర్వీస్ సెంటర్లవారికి ఈ సంగతి తెలియక కాదు, తుడిచి గ్రీజు పెట్టే పనిలో వారికి మిగిలేది ఏమీ లేదు కనుక చెప్పరని నా గట్టి నమ్మకం.

నేను విశాఖపట్నంలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాను. యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి, బండిని నిదానింపజేస్తూ బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది కనుక, ఊళ్లో తిరిగేటప్పుడు ప్యాడ్లు డిస్కును గట్టిగా పట్టుకోవలసిన అవసరం తక్కువ. పెట్రోలు కారులో రాత్రి పట్టిన తుప్పు పొద్దున్న రెండు సిగ్నళ్లు దాటేలోపు రుద్దుడుకు ఊడిపోతుంది. ఎలక్ట్రిక్ కారులో అది అలాగే ఉండిపోయి, దాని మీద మరో పొర చేరుతుంది. డిస్కు పోత ఇనుము, ప్యాడ్లు ఆనే చోట దానికి రంగు వేయడం కుదరదు. మా ఊరి ఉప్పుగాలి సంగతి బాల్కనీ గ్రిల్లులకు ఏటా రంగు వేయించే ప్రతి ఇంటివారికీ తెలుసు. మిషిగన్‌లో ఉంటున్న మా బావమరిది టెస్లా నడుపుతాడు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాలలో ఏడాదికొకసారి గానీ 20,000 కిలోమీటర్లకొకసారి గానీ క్యాలిపర్లు శుభ్రం చేసి గ్రీజు పెట్టించాలని ఆ కంపెనీయే రాసి ఇచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ వారు ఐడీ 3, ఐడీ 4 కార్లకు వెనుక చక్రాలలో మూసి ఉండే డ్రమ్ము బ్రేకులే పెట్టారు. దాన్ని పొదుపు కక్కుర్తి అని వెక్కిరించినవారు సముద్రపు ఊళ్లో కారు ఉంచి చూడాలి. మిషిగన్‌లో రోడ్డు మీద చల్లే ఉప్పును ఇక్కడ గాలి మోసుకొస్తుంది. మన మాన్యువళ్లలో మాత్రం క్యాలిపర్లకు ఏటా గ్రీజు పెట్టాలన్న ఆ వాక్యం నాకు కనిపించలేదు, "అధీకృత సర్వీస్ కేంద్రాన్ని సంప్రదించండి" అన్న మాట తప్ప.

నిరుడు వానాకాలం చివర మేము ఊరికి వెళ్లి వచ్చేవరకు కారు సెల్లారులో కదలకుండా ఉండిపోయింది. బయటికి తీస్తే ముందు ఎడమ చక్రం దగ్గర గరగరమని శబ్దం వచ్చింది. కొంత దూరం నడిపి దిగి చూస్తే, తక్కిన మూడు చక్రాలు చల్లగానే ఉన్నాయి గానీ ఆ ఒక్క చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి తగిలింది. సర్వీస్ సెంటరులో చక్రం విప్పలేదు సరికదా, రేకుల సందులోంచి టార్చి వేసి చూసి, తుప్పు చారలు కనిపిస్తున్నాయి కనుక ముందు డిస్కులు రెండూ, ప్యాడ్లు నాలుగూ మార్చాలని ఇరవై వేలు దాటిన ఎస్టిమేటు చేతిలో పెట్టారు. నేను ఆలోచించి చెబుతానని వచ్చేశాను.

మా కింది వాటాలో హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. ఆయనను నేను బాబాయిగారూ అంటాను. మర్నాడు సెల్లారులోనే జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం తీశాము. క్యాలిపర్ బోల్టులు విప్పి, అది బ్రేకు గొట్టం మీద వేలాడకుండా తీగతో స్ప్రింగుకు కట్టి, ప్యాడ్లు బయటికి తీసేసరికి అసలు రోగం బయటపడింది. ఆయిలు ఒత్తిడికి ముందుకు వచ్చే పిస్టను వైపున్న లోపలి ప్యాడు నాలుగు మిల్లీమీటర్లకు అరిగి ఉంది, బయటి ప్యాడు మాత్రం దాదాపు కొత్తదిలాగే ఉంది. డిస్కు లోపలి ముఖం అద్దంలా మెరుస్తోంది, టార్చికి కనిపించే బయటి ముఖం నిండా తుప్పు. బాబాయిగారు రెండు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి చూసి, "ప్యాడ్లు అరిగిపోలేదు బాబూ, ఒకటే అరిగింది. అది ఒక్కటే ఎందుకు అరిగిందో చూడకుండా అన్నీ మారిస్తే కొత్తదీ ఇలాగే పోతుంది" అన్నారు.

కారణం ఏమిటంటే, ఈ రకం క్యాలిపరులో పిస్టను ఒక వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడును నెట్టగానే క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడును డిస్కు మీదికి లాక్కురావాలి. కింది పిన్ను రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి నీరు చేరి, పిన్ను పూర్తిగా పట్టేసింది. ఇక క్యాలిపర్ జరగదు, బయటి ప్యాడు పని చేయదు, లోపలి ప్యాడు వెనక్కి రాదు. వేడీ, శబ్దమూ, తుప్పూ అన్నీ అందులోంచి పుట్టినవే. పిన్నును సుత్తితో కొట్టనివ్వకుండా, పానా వేసి అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఆయన చాలాసేపు ఓపికగా లాగారు. బయటికి వచ్చిన పిన్ను మీద గ్రీజు ఆనవాలే లేదు. సన్నని ఎమరీ కాగితంతో దాన్ని రుద్ది, పిన్ను జరిగే రంధ్రాన్ని బ్రేక్ క్లీనరుతో కడిగి, కొత్త రబ్బరు తొడుగులు వేసి, సిలికాన్ గ్రీజు పలుచగా పూసి పెడితే వేలితో నెట్టినా జరిగింది. ప్యాడ్ల చెవులు కూర్చునే స్టీలు క్లిప్పుల కింద కూడా తుప్పు ఉబ్బి ఉంటే వైరు బ్రష్షుతో గీకాము. ప్యాడ్లు పాతవే, డిస్కులూ పాతవే. కారు నేటికీ వాటితోనే తిరుగుతోంది.

గ్రీజు విషయంలో ఇంకొక మాట చెప్పాలి. చాలామంది మెకానిక్కులు బేరింగులకు వాడే మామూలు గ్రీజునే ఈ పిన్నులకూ పూసేస్తారు. పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకుల రబ్బరు ఉబ్బిపోయి, బాగు చేయించిన పిన్నే మళ్లీ పట్టేస్తుంది. సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు కొని దగ్గర పెట్టుకుంటే ఏళ్లు వస్తుంది. ఇక సర్వీసు బిల్లులో "బ్రేక్ క్లీనింగ్" పేరుతో డబ్బు తీసుకుని, చక్రాల మీద నీళ్ల గన్ను కొట్టి పంపేవారి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

ఇంటి దగ్గర చేసేటప్పుడు ఎలక్ట్రిక్ కారుకే ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. నేల కింద పరుచుకుని బ్యాటరీ ఉంటుంది కనుక, మాన్యువల్లో చూపిన చోట తప్ప ఇంకెక్కడా జాకీ ఆనించకూడదు. కారు పూర్తిగా ఆపి, తాళాన్ని దూరంగా, ఇంట్లో పెట్టి రండి. కొన్ని కార్లు తలుపు తీయగానే బ్రేకులలోకి ఒత్తిడి పంపుతాయి, ఆ క్షణాన క్యాలిపర్ విప్పి ఉంటే పిస్టను బయటికి తోసుకువస్తుంది. హై వోల్టేజీ కరెంటు పారే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లవద్దు, బ్రేకు పనికి వాటితో అవసరమే రాదు. చక్రం బిగించిన తరువాత, బండి కదిలించకముందే, పెడలు గట్టిపడేవరకు నొక్కడం మరచిపోవద్దు. బోల్టులు మాన్యువల్లోని లెక్క ప్రకారం, బిగుతును కొలిచే టార్క్ రెంచితోనే బిగించండి.

బ్రేక్ ఆయిలు మాత్రం నేను ముట్టుకోను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలుండే మరుగు ఉష్ణోగ్రత, 3.7 శాతం నీరు చేరేసరికి 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. ప్యాడ్లు అరగలేదు కదా అని ఏళ్ల తరబడి పాత ఆయిలుతోనే తిరిగేవారు, అరకులో బ్యాటరీ నూటికి నూరు నింపుకుని అనంతగిరి ఘాటు దిగేటప్పుడు ఆలోచించాలి. నిండిన బ్యాటరీలోకి కరెంటు పోదు కనుక, ఆ మలుపుల భారమంతా ఈ బ్రేకుల మీదే పడుతుంది, ఆ వేడికి పాత ఆయిలు మరిగితే బ్రేకు పట్టదు. రెండేళ్లకొకసారి ఆయిలు మార్పించండి. చాలా కొత్త కార్లలో ఆయిలు గొట్టాలలోని గాలి తీయడానికి కారు కంప్యూటరుకు తగిలించే స్కానరు కావాలి, ఆ ఒక్క పనికి సర్వీస్ సెంటరుకు డబ్బు ఇవ్వడం న్యాయమే.

డిస్కుల తుప్పుకు మందు నడపడంలోనే ఉంది. వారానికొకసారి, వెనుక ఎవరూ లేని సమయంలో, భీమిలి రోడ్డు మీద తెల్లవారుజామున నేను రీజెన్‌ను, అంటే కాలు తీయగానే మోటారు బండిని నిదానింపజేయడాన్ని, సున్నాకు తగ్గించి, అరవై వేగం నుంచి ఇరవైకి నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు నొక్కుతాను. రీజెన్ తగ్గించే వీలు లేని కార్లలో కొందరు న్యూట్రల్‌లో వేసి ఇదే చేస్తారు, దానికి ముందు మాన్యువల్ చూసుకోవడం మంచిది.

వెనుక చక్రాలకు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే, క్యాలిపరుకే చిన్న మోటారు బిగించి ఉంటుంది. స్కానరుతోనో, స్క్రీను మీది మెనూతోనో దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టనును బలవంతంగా వెనక్కి నొక్కితే ఆ మోటారు చెడిపోవచ్చు. సొంతంగా కొన్న కారు బ్రేకు విప్పడానికి కంపెనీ స్కానరు అనుమతి కావలసి రావడం నాకు మింగుడు పడని సంగతే. ఆ వీలు లేనివారు ముందు చక్రాలు తామే చూసుకుని, వెనుకవి సర్వీస్ సెంటరులో చేయించేటప్పుడు పక్కనే నిలబడి, నాలుగు పిన్నులూ తమ కళ్లముందే బయటికి లాగి చూపించమని అడగాలి.