కారానికి నోరు ‘మండింది’ అనడం తప్పా?

సందేహం: మాది గుంటూరు సార్. మొన్న గోంగూర పచ్చట్లో ఎండుమిర్చి నంజుకుని ‘నోరు మండిపోతోంది’ అన్నాను. ఇంటర్ బైపీసీ చదివే మా అబ్బాయి, మిరపకాయలో వేడేమీ ఉండదమ్మా, అక్కడ మండేదేం లేదు, అది ఉత్త అలంకారం, ‘కారంగా ఉంది’ అనడమే కరెక్టు అన్నాడు. పైగా కారం అసలు రుచే కాదట. ఏది ఒప్పు? ఇంకోటి, మిరపకాయలు తరిగాక వేణ్ణీళ్లతో చెయ్యి కడిగితే మంట ఇంకా ఎక్కువైంది అంటాం, అదీ తప్పేనా?

సమాధానం: మీ మాట ఒప్పే అమ్మా, నూటికి నూరుపాళ్లూ ఒప్పు. మీ అబ్బాయి చెప్పిన సైన్సులో తప్పులేదు గానీ దాన్నుంచి భాష గురించి తీసిన తీర్పు మాత్రం సరిగ్గా కుదర్లేదు.

ముందు వాడుక చూద్దాం. కూర కారంగా ఉంది అంటాం, కూర మండింది అనం. నోరు మండింది అంటాం, నోరు కారంగా ఉంది అని ఎవరూ అనరు. కారం కంట్లో పడితే కన్ను మండిందనే అంటాం తప్ప కన్ను కారంగా ఉంది అని పసిపిల్లాడు కూడా అనడు. అంటే కారం అనేది వస్తువుకున్న గుణం, మంట అనేది ఆ వస్తువు తగిలిన ఒంటికి కలిగే బాధ, ఈ రెంటినీ తెలుగువాళ్లు ఎవరూ నేర్పకుండానే విడివిడిగా పెట్టుకున్నారు. కారం నాలిక్కే తెలుస్తుంది, మంట నోటికీ ముక్కుకీ కంటికీ చేతివేళ్లకీ అన్నిటికీ తెలుస్తుంది. నాకు ఈ తేడా ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది, ఎందుకంటే నరాల సంగతి కూడా సరిగ్గా ఇలాగే ఉంది.

రుచిమొగ్గల కబురు మెదడుకి మోసేవి వేరే నరాలు, మెదడు నుంచి నేరుగా వచ్చే కపాల నాడుల్లో ఏడోది, తొమ్మిదోది, కొంచెం పదోది. మంట కబురు మోసేది, నోట్లోంచైనా ముక్కులోంచైనా కంట్లోంచైనా, ముఖ్యంగా ఐదో కపాల నాడి. మిర్చి యార్డులో అడుగు పెట్టగానే ముక్కు కారి కళ్లు మండుతాయి కదా, నాలిక మీద ఏమీ పెట్టుకోకుండానే, అదీ ఇందుకే. ఆ నరం చివరి పోగుల పొర మీద టీఆర్‌పీవీ1 అనే ఒక ప్రోటీన్ ఉంటుంది, అదొక చిన్న ద్వారం లాంటిది, మామూలుగా మూసుకుని ఉంటుంది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకుంటుంది (మే నెల బెజవాడలో అప్పుడప్పుడూ వినే అంకే అది). మిరపకాయకి కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం వేడి లేకపోయినా ఆ ద్వారాన్నే తెరుస్తుంది. దీన్ని 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టింది, 2021లో ఆయనకి ఇంకొకరితో కలిపి నోబెల్ వచ్చింది.

ద్వారం తెరుచుకున్నాక ఏమవుతుందో కొంచెం నిదానంగా చెప్తాను, మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. ఏ పనీ లేనప్పుడు నాడీకణం లోపలి వైపు బయటితో పోలిస్తే దాదాపు 70 మిల్లీవోల్టుల మేర రుణావేశంతో ఉంటుంది. ద్వారం తెరుచుకోగానే బయటున్న సోడియం, కాల్షియం అయాన్లు, అంటే ధనావేశమున్న కణాలు, లోపలికి దూసుకొస్తాయి, ఆవేశం ఒక హద్దు దాటిందంటే చాలు, కరెంటు అల ఒకటి పుట్టి ఆ పోగు పొడుగునా మెదడు వైపు పరిగెడుతుంది. ఆ అల పుడితే పూర్తిగా పుడుతుంది, లేకపోతే లేదు, సగం అల అంటూ ఉండదు. మంట ఎక్కువైతే అల పెద్దదవదు, సెకనుకి ఎన్నిసార్లు వస్తుందో ఆ లెక్క పెరుగుతుంది, అంతే. కాబట్టి ఆ అల మీద ‘నేను నిప్పు వల్ల వచ్చాను’, ‘నేను మిరపకాయ వల్ల వచ్చాను’ అని రాసి ఉండదు. కాలింగ్ బెల్ ఎవరు నొక్కినా ఇంట్లో ఒకటే మోత కదా. ఈ కబురు మోసే పోగుల్లో చాలావరకు సన్నటివి, పైన మయలిన్ అనే కొవ్వు తొడుగు లేనివి, సెకనుకి ఒక మీటరు అటూ ఇటూ వేగంతో పోతాయి, అందుకే కారం మంట కాస్త ఆగి అందుకుని ఆనక ఒక పట్టాన వదలదు.

మెదడు అది నిప్పే అనుకుని ఒంటిని చల్లబరిచే పనిలో పడుతుంది, నుదుటి మీద చెమట పట్టేది అందుకే. ఒళ్లే దాన్ని మంటగా లెక్కేసినప్పుడు నాలిక దాన్ని మంట అనడం అలంకారం ఎలా అవుతుంది? ‘వాడి మాటలకి ఒళ్లు మండింది’, ‘పక్కింటోళ్లు కారు కొంటే వీళ్లకి కడుపుమంట’, ఇవి లాక్షణికం, ఇక్కడ కోపాన్నీ అసూయనీ మంటగా చెప్తున్నాం. నోరు మండింది అనేది మాత్రం వాచ్యమే, అంటే ఉన్నదున్నట్టు చెప్పిన మాటే. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చిందని, అంతకుముందు మన కారం మిరియాలదేనని మీకు తెలిసే ఉంటుంది, మిరియాల్లోని పైపరిన్ కూడా అదే ద్వారాన్ని తెరుస్తుంది, కాబట్టి మంటకి మాత్రం పేరు మార్చుకునే అవసరం రాలేదు. పుదీనా బిళ్ల చప్పరిస్తే నోరు చల్లగా ఉంది అంటాం చూడండి, అదీ ఇంతే, చల్లదనం తెలిపే ద్వారం వేరే ఉంది, పుదీనాలోని మెంథాల్ దాన్ని తెరుస్తుంది. చిలక పచ్చిమిరపకాయని హాయిగా కొరుక్కు తింటుంది, పక్షుల్లో ఈ టీఆర్‌పీవీ1 వేడికి తెరుచుకుంటుంది గానీ క్యాప్సైసిన్‌కి పెద్దగా స్పందించదు.

కారం రుచే కాదా అంటే, ఇప్పటి సైన్సు లెక్కలో తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసం లాంటివాటిలో తెలిసే కమ్మదనం) ఇవే రుచులు. మన షడ్రుచుల్లో ‘కటు’ అంటే కారం ఉంది, అది తిన్నవాడి అనుభవాన్ని బట్టి చేసిన లెక్క. ఒక లెక్కని పట్టుకుని ఇంకోదాన్ని కొట్టేయక్కర్లేదు, ఉగాది పచ్చట్లో కారం ఒక రుచి అంటే మీ అబ్బాయి మార్కులేం పోవు.

ఇక వేణ్ణీళ్ల సంగతి. ‘మంట ఎక్కువైంది’ అనడం కూడా అక్షరాలా నిజం. క్యాప్సైసిన్ తగిలిన నరంకొసలకి ఆ 43 డిగ్రీల హద్దు కిందికి దిగిపోతుంది, మామూలప్పుడు హాయిగా ఉండే గోరువెచ్చటి నీళ్లు కూడా కాలినట్టే తెలుస్తాయి. పైగా క్యాప్సైసిన్ నీళ్లలో పెద్దగా కరగదు, నూనెలో కరుగుతుంది. ఈసారి ముందు చేతులకి కాస్త వంటనూనె పట్టించి, ఆ తర్వాత సబ్బు రుద్ది చన్నీళ్లతో కడుక్కోండి. నోటికైతే నీళ్ల బదులు పెరుగో పాలో తీసుకోండి, ఈలోగా కళ్ల జోలికి మాత్రం చెయ్యి పోనివ్వకండి.