డేటాబేస్ ‘ఔషధాల పంపు’ అని చూపిన జన్యువును రిపోర్టులో అలాగే రాయవచ్చా?

విశాఖ తీరంలో సేకరించిన బ్యాక్టీరియా జీనోమ్‌ను ట్రాన్స్‌పోర్ట్‌డీబీ అనే డేటాబేస్ పద్ధతిలో పరిశీలిస్తే రవాణా ప్రోటీన్ల (పదార్థాలను కణంలోకీ, బయటికీ మోసేవాటి) పెద్ద జాబితా వచ్చిందని, అందులో ‘ఔషధాలను బయటికి తోసే పంపు’ అని ఉన్నవాటిని ప్రాజెక్టు రిపోర్టులో అదే పేరుతో రాయవచ్చా అని మీరు అడిగారు. ప్రోటీన్ కుటుంబం పేరు ధైర్యంగా రాయండి, అది మోసే పదార్థం పేరును మాత్రం అంచనా అని స్పష్టంగా చెప్పి రాయండి. ఈ తేడాను పట్టించుకోక నేను ఇదే ఊళ్లో ఎనిమిది నెలల పరిశోధన కాలం పోగొట్టుకున్నాను.

ముందుగా మీ జాబితా ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. కణత్వచంలో ఇమిడి ఉండే ప్రోటీన్లు కొవ్వు పొర నుంచి బయటికి తీస్తే తేలికగా ముద్దకట్టి పాడైపోతాయి కనుక, ప్రయోగశాలలో నేరుగా పరీక్షించినవి తక్కువ, వరుసక్రమం మాత్రమే తెలిసినవి చాలా ఎక్కువ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో ప్రాంగణంలో మిల్టన్ సాయర్ బృందం నిర్మించిన టీసీడీబీ అనే డేటాబేస్ ప్రధానంగా ప్రచురిత ప్రయోగాల ఆధారంగా రవాణా ప్రోటీన్లను వర్గీకరిస్తుంది. ఇయాన్ పాల్సెన్ బృందం 2004లో పరిచయం చేసి, తరువాత సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయం నుంచి 2017లో రెండవ రూపాన్ని ప్రచురించిన ట్రాన్స్‌పోర్ట్‌డీబీ మాత్రం, పూర్తిగా చదివిన జీనోమ్‌లలో ఏయే రవాణా ప్రోటీన్లు ఉండవచ్చో పోలికలను బట్టి ఊహించి చెబుతుంది. రెండూ విలువైనవే, అయితే సాక్ష్యం చేసే పనిని ఊహ చేయలేదు.

టీసీడీబీ ఇచ్చే వర్గీకరణ సంఖ్యను, అంటే టీసీ సంఖ్యను, ఎడమ నుంచి కుడికి చదివితే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. ఈ. కొలై అనే బ్యాక్టీరియాలో లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే ల్యాక్-వై ప్రోటీన్ సంఖ్య 2.ఏ.1.5.1. మొదటి 2 పొరకు రెండు వైపులా ఉన్న అయాన్ల తేడాతో నడిచే వాహకం (రవాణా ప్రోటీన్) అని చెబుతుంది, ‘2.ఏ.1’ అంటే ఎంఎఫ్ఎస్ అనే మహాకుటుంబం, ఆ తరువాతివి ఉపకుటుంబం, ఆ ప్రోటీన్. కొత్త ప్రోటీన్ విషయంలో ఎడమ వైపు అంకెలకు ఉన్నంత నమ్మకం కుడి వైపు వాటికి ఉండదు. చక్కెరలను లోపలికి తెచ్చేవీ, యాంటీబయాటిక్ అయిన టెట్రాసైక్లిన్‌ను బయటికి తోసేవీ ఎంఎఫ్ఎస్‌లోనే ఉన్నాయి కనుక, కుటుంబాన్ని బట్టి రవాణా ఏ దిశలో జరుగుతుందో కూడా తేల్చలేం.

మా బ్యాక్టీరియాను తెన్నేటి పార్కు కింది రాళ్ల మధ్య నిలిచిపోయిన సముద్రపు నీటి గుంట నుంచి తెచ్చాము. పన్నెండు సార్లు పొరను దాటే ఒక ఎంఎఫ్ఎస్ ప్రోటీన్‌కు ‘బహుళ ఔషధ పంపు’ అన్న పేరు వచ్చింది. ఎథిడియం బ్రోమైడ్ అనే రంగు డీఎన్ఏకు అతుక్కుంటే బాగా వెలుగుతుంది కాబట్టి, పంపు పనిచేసి దాన్ని బయటికి తోస్తే కణాల్లో వెలుగు తగ్గాలి, పంపును నడిపే ప్రోటాన్ల తేడాను చెరిపే సీసీసీపీ అనే రసాయనం వేస్తే మళ్లీ పెరగాలి. ఈ జన్యువును చేర్చిన ఈ. కొలైకి, ఖాళీ ప్లాస్మిడ్ (జన్యువును మోసే చిన్న డీఎన్ఏ వలయం) మాత్రమే ఉన్న ఈ. కొలైకి మధ్య ఏ తేడా కనిపించలేదు. తరువాత యాంటీబయాటిక్‌లను ఒకటొకటిగా మార్చి చూశాను, అప్పుడూ అంతే.

చివరికి మా గైడు గారు, ‘ఆ జన్యువుకు ఇటూ అటూ ఏమున్నాయో చూశావా?’ అని అడిగారు. నేను చూడలేదు. పక్కనే కోలీన్‌ను గ్లైసీన్ బీటైన్‌గా మార్చే ఎంజైముల జన్యువులు ఉన్నాయి. ఎండకు ఆవిరై ఉప్పదనం పెరిగి, వాన పడగానే పడిపోయే గుంటలో బతికే జీవికి, ప్రోటీన్లను చెడగొట్టకుండా కణంలో నీటిని నిలిపే బీటైన్ ఎంత అవసరమో ఆలోచిస్తే ఆ ఆధారం మొదటి నుంచీ నా కళ్ల ముందే ఉందని అర్థమైంది. టీసీడీబీలో ప్రయోగాలతో రుజువైన వాటితో మాత్రమే పోల్చినప్పుడు, బీటైన్, ప్రోలీన్‌లను మోసే ఈ. కొలై ప్రోటీన్ ‘ప్రోపీ’యే దగ్గరగా వచ్చింది. పాత పేరు మరో కంప్యూటర్ ఊహ నుంచి నకలు అయిన ఊహ మాత్రమే. బీటైన్ వాహకాలను తొలగించిన ఈ. కొలైలో మా జన్యువును పెడితే, ఉప్పెక్కువైన మాధ్యమంలో బీటైన్ ఇచ్చినప్పుడే అది పెరిగింది.

కాబట్టి ప్రోటీన్ వరుసక్రమాలను పోల్చే బ్లాస్ట్‌లో ఈ-విలువ (అంత పోలిక యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు రావచ్చో చెప్పే అంకె) ఒక్కటే చూసి ఆగవద్దు. పోలిక ప్రోటీన్ పొడవునా ఉందో లేక ఒక ముక్కకే పరిమితమో చూడండి, సుమారు ఇరవై అమైనో ఆమ్లాల చొప్పున పొరను దాటే హెలిక్స్‌లు ఆ కుటుంబానికి తగినన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, పొరుగు జన్యువులను తప్పక చదవండి. కణపు శక్తి అణువైన ఏటీపీతో నడిచే ఏబీసీ వాహకాల విషయంలో ఏటీపీని విడగొట్టే భాగం, పొరలోని భాగం, పదార్థాన్ని పట్టుకునే ప్రోటీన్ వేర్వేరు జన్యువులై ఉండవచ్చు కనుక, ఒకే వాహకాన్ని మూడుగా లెక్కించే ప్రమాదం ఉంది.

పేరు లేని ప్రోటీన్లను కూడా కొట్టివేయవద్దు. క్రిమిసంహారి అయిన క్లోర్‌హెక్సిడిన్‌ను బయటికి తోసే ఏస్-ఐ ప్రోటీన్ ఎసినెటోబ్యాక్టర్ బౌమానీ అనే బ్యాక్టీరియాలో 2013లో బయటపడింది, దానితో పేస్ అనే కొత్త కుటుంబమే మొదలైంది.

రిపోర్టు పట్టికలో కుటుంబం, టీసీ సంఖ్య ఎంతవరకు ఖాయమో ఒక నిలువు వరుసలోనూ, ఊహించిన పదార్థాన్ని రెండవదానిలోనూ, ఆ ఊహకు ఆధారమైన ప్రయోగం ఏ జీవిలో జరిగిందో మూడవదానిలోనూ రాయండి. మూడవ వరుస ఖాళీగా మిగిలిన ప్రోటీన్ల దగ్గరే మీ ప్రయోగాలు మొదలుపెట్టండి.