‘అవ్వా, నేను పోను’ అంటున్నాడు, ఏం చేయాలి?

సైనికులు, వాళ్ల కుటుంబాల నుంచి వచ్చే ఉత్తరాలకు హన్మకొండలో ఉంటున్న ఒక రిటైర్డ్ సుబేదార్ ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మా కొడుకు ఫౌజులో చేరి ఏడేళ్లయింది. సెలవు మీద ఇంటికి వచ్చిండు. యూనిట్ బార్డర్‌కు పోతోంది, వెంటనే రమ్మని ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి అన్నం సరిగా తినడు, రాత్రంతా మేలుకునే ఉంటాడు, ‘అవ్వా, నేను పోను’ అంటున్నాడు. పోవాల్సిన తేదీ దాటి ఆరు రోజులైంది. వాళ్ల నాయిన లేడు. పోకపోతే ఏమవుతుంది? నా దగ్గరే ఉంచుకోవచ్చా?
ఒక తల్లి, నర్సంపేట

జవాబు: చెల్లె, పత్రిక అచ్చయి మీ చేతికి వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందని మీరు రాసిన నంబరుకు ముందే ఫోన్ చేశాను, అబ్బాయితోనూ మాట్లాడాను. ఆ మాటలు ఇక్కడ రాయను. కానీ ఇలాంటి టెన్షన్ పడుతున్న ఇల్లు మీదొక్కటే కాదు, అందుకే మిగతాది అందరికీ చెప్తున్నా.

మీ వాడు పిరికివాడు కాదు. ఊళ్లో ఎవరైనా అలా అంటే నా మాటగా చెప్పండి. 1999లో కార్గిల్ అప్పుడు నేనూ సెలవులోనే ఉన్నా, పన్నెండేళ్ల సర్వీసు అయిపోయింది అప్పటికే, రమ్మని టెలిగ్రాం వచ్చింది. కాజీపేట స్టేషన్‌లో రాత్రి ట్రంకు పెట్టె మీద కూర్చున్నా, బండి వచ్చింది, కాళ్లు లేవలేదు, బండి పోయింది. తెల్లారి ఇంకో బండి ఎక్కాను. భయం అందరికీ ఉంటుంది. అది బయటికి చెప్పుకునే మనిషి దొరకకపోవడమే అసలు కష్టం.

ఇక చట్టం సంగతి. ఆగిపోయినవాడు వేరు, పారిపోయినవాడు వేరు, ఎదురు తిరిగినవాడు వేరు, 1950 నాటి ఆర్మీ యాక్ట్ ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టదు. మీ అబ్బాయి ఇప్పుడు సెక్షన్ 39 కిందికి వస్తాడు. సెలవు దాటినా ఇంట్లో ఉండిపోవడం, సెలవులో ఉండగా యూనిట్ యాక్టివ్ సర్వీస్‌కు, అంటే శత్రువుతో తలపడే డ్యూటీకి, పోతోందని కబురు అందినా సరైన కారణం లేకుండా పోకపోవడం, రెండూ అందులోనే ఉన్నాయి. శిక్ష మూడేళ్ల జైలు దాకా. 30 రోజులు దాటితే యూనిట్‌లో కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, అంటే విచారణ, వేస్తారు, ఆ తర్వాతా రాకపోతే డెజర్టర్ కింద లెక్క, ఫౌజులో భగోడా అంటాం. పట్టుకోవడానికి ఇక్కడి పోలీసులకు యూనిట్ నుంచి లెటర్ వస్తుంది. పారిపోయినట్టు తేలితే సెక్షన్ 38, మామూలు రోజుల్లో ఏడేళ్ల దాకా జైలు, యాక్టివ్ సర్వీస్‌లోనో దానికి ఆర్డర్ వచ్చాకో పారిపోతే మరణశిక్ష దాకా రాసి ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు చెల్లె. ఆరు రోజులకూ ముప్పై రోజులకూ మధ్య ఎంత తేడా ఉందో మీకు తెలియాలని చెప్తున్నా. రోజుల లెక్క కన్నా కూడా, తిరిగి రావాలని మనసులో ఉందా లేదా అన్నదే చూస్తారు, కాబట్టి ఒక్క ఫోన్ కాల్ చాలా పని చేస్తుంది.

మీ దగ్గర ఉంచుకోవడం గురించి అడిగారు. పారిపోయిన సిపాయి అని తెలిసీ దాచిపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 164 ప్రకారం రెండేళ్ల దాకా జైలు. అందులో భార్యకు మినహాయింపు ఇచ్చారు, తల్లికి ఇవ్వలేదు. కన్నకొడుక్కి అన్నం పెట్టినందుకు తల్లిని అడగడం ఏం న్యాయమో నాకు ఈ రోజుకీ అర్థం కాదు, కానీ చట్టం అలాగే ఉంది.

అందుకని అబ్బాయే కంపెనీ కమాండర్‌కో, సీనియర్ జేసీవోకో (సుబేదార్ లాంటి అధికారికో) ఫోన్ చేయాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తిండి, నిద్ర లేకపోవడం కూడా ఒక జబ్బే. సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌లో చూపించుకుంటే అక్కడి నుంచే యూనిట్‌కు కబురు పోతుంది. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ (మానసిక ఆరోగ్య సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సర్వీసు) వాళ్లు తెలుగులో మాట్లాడతారు, సైనికుల కోసం 2023 డిసెంబర్‌లో విడిగా ఒక విభాగం పెట్టారు. హన్మకొండలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, తోడు కావాలంటే నేను వస్తాను. ఎవరో చెప్పారని దొంగ సర్టిఫికెట్ మాత్రం తేవద్దు, రోగం నటించినట్టు తేలితే సెక్షన్ 46, ఏడేళ్ల దాకా ఉంటుంది.

మా యూనిట్‌లో ఒకతను 22 రోజులు ఆలస్యంగా, తనంతట తానే వచ్చాడు. సీవో సాబ్ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) ముందు నిలబడి ‘భయమేసింది సాబ్’ అన్నాడు, ఇంకే సాకూ చెప్పలేదు. 28 రోజుల జైలు పడింది, సర్వీస్ రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే పెద్ద శిక్ష పడినట్టు ఎర్ర సిరా గుర్తు, పడింది. శిక్ష అయ్యాక అదే మనిషి నా పక్క బంకర్‌లో రెండేళ్లు ఉన్నాడు, పెన్షన్‌తో ఇంటికి పోయాడు.

ప్రశ్న: ఇరాక్ యుద్ధానికి పోనని అమెరికాలో ఒక ఆఫీసర్ బహిరంగంగా చెప్పాడని చదివాను. ఆయన చేసింది తప్పా? మన దగ్గర అలా చెప్పే హక్కు ఉందా సార్?
లా విద్యార్థి, కరీంనగర్

జవాబు: బిడ్డా, ఆయన పేరు లెఫ్టినెంట్ ఎహ్రెన్ వటాడా. 2006 జూన్‌లో ఫోర్ట్ లూయిస్ నుంచి తన దళం ఇరాక్ బయలుదేరితే ఆయన కదల్లేదు. కావాలంటే అఫ్గానిస్తాన్‌కు పంపండి పోతాను, ఇరాక్ యుద్ధం మాత్రం చట్టవిరుద్ధం అన్నాడు, అంటే ప్రాణం మీద తీపితో అన్న మాట కాదది. 2007 ఫిబ్రవరిలో కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) మధ్యలోనే రద్దయింది, మళ్లీ పెట్టబోతే ఫెడరల్ జడ్జి ఆపాడు, 2009లో ఆర్మీ నుంచి పంపేశారు. అందరికీ అలా జరగలేదు. కమిలో మెహియా అనే సార్జెంట్ ఇరాక్‌లో కొన్ని నెలలు పనిచేసి, సెలవు మీద వచ్చి తిరిగి పోలేదు, 2004లో ఏడాది జైలు వేశారు. మనస్సాక్షి ఒప్పుకోవడం లేదని దరఖాస్తు పెట్టుకునే దారి అక్కడ ఉంది కానీ, అన్ని యుద్ధాలూ తప్పే అని నమ్మినవాడికే అది పనికొస్తుంది. ఈ ఒక్క యుద్ధం వద్దు అనేవాడికి పనికిరాదు.

మన దగ్గర ఆ దారి కూడా లేదు. రాజ్యాంగం ఆర్టికల్ 33 సైనికుల ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. పై అధికారి ఆదేశాన్ని మొండిగా ధిక్కరిస్తే ఆర్మీ యాక్ట్ సెక్షన్ 41, 14 ఏళ్ల దాకా జైలు. నువ్వు లా చదువుతున్నావు కాబట్టి అక్కడ ఒక మాట చూడు: చట్టబద్ధమైన ఆదేశం. చేతులెత్తేసిన మనిషిని కాల్చమంటే అది చట్టబద్ధం కాదు, కాల్చను అనొచ్చు. ఫలానా పోస్టుకు వెళ్లు అంటే అది చట్టబద్ధమే.

పోము అన్నవాళ్లు మన చరిత్రలోనూ ఉన్నారు. 1824లో బరాక్‌పూర్‌లో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు సామాను మోసే ఎద్దులైనా ఇవ్వకుండా బర్మా యుద్ధానికి నడవమంటే నడవమన్నారు, పరేడ్ మైదానంలోనే వాళ్ల మీద ఫిరంగులు పేల్చారు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధుల మీద కాల్చమంటే చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయనతో ఉన్న సిపాయిలు తుపాకులు ఎత్తలేదు, ఆయనకు యావజ్జీవం పడింది. విచిత్రం ఏమిటంటే గాంధీజీ కూడా వాళ్లను సమర్థించలేదు. ప్రమాణం చేసిన సిపాయి ఆదేశం దాటకూడదన్నది ఆయన అభిప్రాయం. నేను గాంధీజీ మాట ఒప్పుకోను. గఢ్వాలీ ఆ రోజు కాల్చి ఉంటే ఆయన పేరు ఇప్పుడు నీకు రాసేవాణ్ణే కాదు.

వటాడా విషయంలో తప్పా ఒప్పా అంటే, నేనైతే పోయేవాణ్ణి, ఎందుకంటే నేను ఆగిపోతే నా జాగాలో ఇంకొకడు పోతాడు, వాడికీ ఇంట్లో ఒక అవ్వ ఉంటుంది. అయినా నిలబడి, పేరు చెప్పి, శిక్షకు సిద్ధపడి పోను అన్నవాణ్ణి నేను తక్కువ చేయలేను. పద్దెనిమిదేళ్లకు సంతకం పెట్టినవాడి మనసు ఇరవై ఎనిమిదికి మారొచ్చు. సొంత కోరిక మీద డిశ్చార్జి అడిగే వీలు ఆర్మీ రూల్ 13లో ఉంది, కానీ అది హక్కు కాదు, పైవాళ్లు ఒప్పుకుంటేనే. అగ్నివీర్లకైతే నాలుగేళ్లలోపు అదీ చాలా అరుదైన సందర్భాల్లోనే. మనస్సాక్షి కారణంగా తుపాకీ వదిలేసి అంబులెన్స్‌లోనో స్టోర్‌లోనో పనిచేస్తానంటే వినే పద్ధతి మన చట్టంలోకి రావాలి. ఇది 28 ఏళ్లు యూనిఫాం వేసుకున్న మనిషి అంటున్న మాట.

ప్రశ్న: రష్యాలో ఆర్మీ హెల్పర్ పని, జీతం బాగా ఇస్తారని ఏజెంటు మా తమ్ముడిని అడుగుతున్నాడు. పంపొచ్చా?
జగిత్యాల

జవాబు: పంపొద్దు తమ్ముడూ. ఇలాగే హెల్పర్ పని అని తీసుకుపోయిన మనవాళ్లను ఉక్రెయిన్ యుద్ధంలోకి దింపారు, హైదరాబాద్ యువకుడు ఒకరు 2024లో అక్కడే చనిపోయాడు, ఆ ఏడాది మార్చిలో ఏజెంట్ల మీద సీబీఐ కేసు పెట్టింది. రాని భాషలో కాగితం మీద సంతకం పెట్టి పరాయి ఫౌజులో చేరాక ‘నేను పోను’ అంటే వినడానికి అక్కడ ఎవరూ ఉండరు. మీ తమ్ముడి పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఉంటే ముందు అది వెనక్కి తెచ్చుకోండి.