డబ్లిన్‌లో హాఫ్‌పెన్నీ బ్రిడ్జికి ఆ పేరెందుకొచ్చింది?

సింపుల్‌గా చెప్పాలంటే దాటడానికి అర పెన్నీ కట్టాల్సొచ్చేది కాబట్టి. అక్కడోళ్ళు మాత్రం హేపెన్నీ అని పలుకుతారు.

అసలు కథేంటంటే, అక్కడ లిఫీ నది దాటించే పడవలు విలియం వాల్ష్ అనే ఆయన చేతిలో ఉండేవి, అవి పాడైపోయి ఉంటే పడవలైనా బాగుచెయ్ లేదా బ్రిడ్జైనా కట్టు అన్నారు, ఆయన బ్రిడ్జి కట్టి పడవకి తీసుకునే అర పెన్నీయే దీనికీ వసూలు చేసుకున్నాడు, తెలివైనోడే! 1816లో ఓపెన్ అయింది, పోత ఇనుము ముక్కలు ఇంగ్లండ్‌లోని కోల్‌బ్రూక్‌డేల్‌లో పోయించి తెచ్చారు. మొదట వెల్లింగ్టన్ బ్రిడ్జి అని పెట్టారు, తర్వాత అఫీషియల్‌గా లిఫీ బ్రిడ్జి అయింది, కానీ జనం నోట్లో టోల్ పేరే నిలిచిపోయింది. ఆ టోల్ 1919లో ఎత్తేశారు, గేట్లు కూడా పీకేశారు.

1910ల్లో దీన్ని తీసేసి నది మీదే ఆర్ట్ గ్యాలరీ కడదామని ప్లాన్ కూడా వేశారు, లుట్యెన్స్ డిజైన్ చేశాడు (మన న్యూఢిల్లీకి డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ ఆయనే), అదృష్టంకొద్దీ అది జరగలేదు.

ఇప్పుడూ నడిచేవాళ్ళకే. దక్షిణం వైపు మర్చంట్స్ ఆర్చ్ అనే ఇరుకు సందులోంచి టెంపుల్ బార్ అనే పేటకి పోవచ్చు, ఉత్తరం వైపు లిఫీ స్ట్రీట్ షాపులు. తెల్ల పెయింటు, పైన వంపుల మీద మూడు దీపాలు, ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళు ఒకపక్క, మధ్యలో ఆగి సెల్ఫీలు తీసేవాళ్ళు ఇంకోపక్క. ప్రేమికులు రెయిలింగ్‌కి తాళాలు వేస్తుంటే బరువుకి పాడవుతుందని కార్పొరేషన్ వాళ్ళు కోసేస్తుంటారు, మీరెళ్తే వెయ్యకండి.