ముడతల కంటే మచ్చలే ముఖ్యం

ప్రశ్న: మా పక్కింటావిడ నల్లజాతి అమెరికన్. అరవై నాలుగేళ్లొచ్చినా ముఖాన ముడత లేదు. బుగ్గల మీద మాత్రం మిరియాల్లా నల్లటి బుడిపెలు ఏటేటా పెరుగుతున్నాయి. మా అత్తగారికీ అచ్చం అలాగే ఉన్నాయి. పులిపిర్లేనా?
– ఓ పాఠకురాలు, అట్లాంటా

జవాబు: కావు. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, అంటుకుంటాయి. ఇవి అంటుకోవు. డాక్టర్లు డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా అంటారు. నల్లటి, చామనచాయ ఒంటికి ఎక్కువగా వస్తాయి, వంశపారంపర్యంగా దిగుతాయి. హాని లేదు కాబట్టి తీయించుకోవడం వారి వారి ఇష్టం. అమెరికాలో బీమావాళ్లు సాధారణంగా దీన్ని అందం పద్దులో వేసి డబ్బివ్వరు.

తీయించుకుంటే తక్కువ కరెంటుతో కాల్పించుకోవాలి, కాడలా వేలాడేవైతే సన్న కత్తెరతో తుంచేస్తారు. ద్రవ నైట్రోజన్ మాత్రం వద్దనమనండి. ఆ చలికి రంగునిచ్చే కణాలు సులువుగా చచ్చిపోతాయి, బుడిపె పోయినా తెల్ల మచ్చ మిగిలిపోతుంది. ముందు దవడ పక్కన రెండు మూడు తీయించి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, మచ్చ పడలేదంటేనే మిగతావి తీయించాలి. మీ అత్తగారిని సున్నం, బట్టల సోడా జోలికి పోనివ్వకండి.

గుంపులో ఒకటి మిగతావాటిలా లేకుండా త్వరగా పెరిగినా, నెత్తురు కారినా ముక్క తీసి పరీక్షించాలి. ఇంకో మాట. నల్లటి ఒంట్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరుదే కానీ, వస్తే ఎక్కువగా ఎండ సోకని చోటే వస్తుంది: అరికాలు, అరచేయి, గోటి కింద. గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోటి కింద మొదలైంది, 1981లో 36 ఏళ్లకే చనిపోయారు. నెలకోసారి అరికాళ్లు చూసుకోమని ఆవిడకి చెప్పండి.

ప్రశ్న: ఒంట్లోనే అంత మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) ఉన్నవాళ్లకి సన్‌స్క్రీన్ ఎందుకు? పూస్తే బూడిద రాసుకున్నట్టుంటుందని నాతో పనిచేసే ఆవిడ గొణుగుతోంది.
– డాలస్

జవాబు: ముడతలు ఆలస్యంగా రావడం మెలనిన్ చలవే. కానీ నల్లటి చర్మానికి వయసు ముందుగా కనబడేది ముడతల్లో కాదు, రంగు తేడాలో. మొటిమ గిల్లినా, దోమ కుట్టినా, క్రీము పడకపోయినా మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. దాన్ని ఇంకా నల్లబరిచేది అతినీలలోహిత కిరణాలొక్కటే కాదు, కంటికి కనబడే వెలుగు కూడా. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని సరిగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, తన ఛాయకి సరిపడేది కొనుక్కోమనండి. బూడిద గొడవా తీరిపోతుంది. ముఖానికీ మెడకీ కలిపి, చూపుడు వేలూ మధ్య వేలూ పొడవునా పిండినంత కావాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

ముడతలకీ మచ్చలకీ రాసే రెటినాల్ క్రీము వాడదలిస్తే బఠాణీ గింజంత, వారానికి రెండు రాత్రులతో మొదలు. తొందరపడి రోజూ రాస్తే చర్మం మండుతుంది, ఆ మంటే కొత్త మచ్చ అవుతుంది. మచ్చ పోవడానికి హైడ్రోక్వినోన్‌ను డాక్టరు చూపు లేకుండా ఏళ్ల తరబడి రాస్తే చర్మం నీలి నలుపుకి మారుతుంది, అది ఇక పోవడం చాలా కష్టం. అమెరికాలో 2020 నుంచి చీటీ లేకుండా దాన్ని అమ్మకూడదు.

ప్రశ్న: మా కాలేజీ లైబ్రరీలో పనిచేసే నల్లజాతి ఆవిడకి నుదుటి అంచున జుట్టు వెనక్కి పోతోంది. వయసేనా?
– హ్యూస్టన్

జవాబు: అంచునే పోతుంటే వయసు కంటే ముందు జడల బిగువును అనుమానించాలి. ఏళ్ల తరబడి సన్నజడలూ, సవరాలూ లాగిపెట్టడం వల్ల కుదుళ్లు అలసిపోతాయి. (ఆ సవరాల్లో తిరుమల తలనీలాలూ ఉంటాయి, వేలంలో కొన్న వ్యాపారులు ఎగుమతి చేస్తారు.) జడలేశాక తలనొప్పి మాత్ర వేసుకోవాల్సొచ్చినా, కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు లేచినా ఆ రోజే విప్పేయాలి. జడలు రెండు మూడు నెలలకు మించి ఉంచకూడదు. తలస్నానం వారానికో, రెండు వారాలకో చాలు, రోజూ చేస్తే ఆ ఉంగరాల జుట్టు ఎండి విరుగుతుంది. రాత్రి శాటిన్ టోపీ పెట్టుకోవాలి, నూలు గలేబు తేమ లాగేస్తుంది.

అంచున కాకుండా నడినెత్తిన పలచబడుతూ, దురదో మంటో ఉంటే అది వేరే జబ్బు. చర్మం నున్నగా మెరిసి కుదుళ్ల రంధ్రాలు మూసుకుపోయాక జుట్టు తిరిగి రాదు. ‘చూద్దాంలే’ అనకుండా చర్మ వైద్యుణ్ని కలిసి ముక్క పరీక్ష చేయించుకోమనండి.

ప్రశ్న: నాతో డ్యూటీ చేసే నల్లజాతి నర్సుకి ముట్లు ఆగి ఐదేళ్లయినా ఒళ్లు ఆవిర్లు తగ్గలేదు. ఇంత కాలం ఉంటాయా?
– న్యూజెర్సీ

జవాబు: ఉంటాయి. అమెరికాలో మెనోపాజ్ మీద ఏళ్ల తరబడి సాగిన స్వాన్ అధ్యయనంలో నల్లజాతి స్త్రీలకు ఈ ఆవిర్లు సగటున పదేళ్ల పైన, తెల్లవారికి ఆరున్నరేళ్లు ఉన్నట్టు తేలింది. ఓర్చుకోవాల్సిన పని లేదు. హార్మోన్ మందు అరవై లోపు, ముట్లాగిన పదేళ్ల లోపు మొదలెడితే మేలు. గర్భసంచి ఉంటే ప్రొజెస్టిరాన్ కలిపే ఇవ్వాలి. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అది కుదరదు, అలాంటివారికి హార్మోన్ లేని మాత్రలున్నాయి. ముందు బీపీ చూపించుకోమనండి.