విల్లుతో జింకను వేటాడేటప్పుడు గురి ఎక్కడ పెట్టాలి?

ఏడాదిగా కాంపౌండ్ బోతో, అంటే కప్పీలున్న విల్లుతో, సాధన చేస్తున్నానని, 20 గజాల దగ్గర బాణాలన్నీ అరచేయంత చోటులో పడుతున్నాయని రాశారు. ఈ సీజన్‌లో లైసెన్సు తీసుకుని మొదటిసారి తెల్లతోక జింక వేటకు వెళ్తున్నారు. ఒకరు ముందు కాలికి సరిగ్గా పైన కొట్టమన్నారు, ఇంకొకరు కాలికి జానెడు వెనక కొట్టమన్నారు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

ఇద్దరూ జింక ఒంటి మీద ఒక చుక్క చూపించారు. నన్నడిగితే ముందు అవతలి పక్క చూడండి. బాణం ఎక్కడ దిగాలన్నది తర్వాత, ఎక్కణ్ణుంచి బయటికి రావాలన్నది ముందు తేల్చుకోండి. ఒక జింకను పోగొట్టుకున్నాక గానీ ఇది నాకు తలకెక్కలేదు.

అప్పుడు నాది రెండో సీజన్. చెట్టు మీద దాదాపు 20 అడుగుల ఎత్తులో ట్రీ స్టాండ్‌లో కూర్చున్నాను. ఒక ఆడ జింక మేసుకుంటూ వచ్చి చెట్టుకు ఆరేడు అడుగుల దూరంలో ఆగింది. టార్గెట్ మీద అలవాటైన చోటే, ముందు కాలి వెనక, పిన్ (విల్లు మీద గురి చూసే పుల్ల) పెట్టి వదిలాను. బాణం నేను చూసిన చోటే దిగింది. కానీ పైనుంచి నిలువుగా దిగి, ఒక్క ఊపిరితిత్తిని మాత్రమే కోసి, అదే పక్క ఛాతీ అడుగు నుంచి బయటపడి నేలలో గుచ్చుకుంది. రెండు వందల గజాల దాకా నెత్తురు కనిపించింది. తర్వాత ఆకుకు ఒక చుక్క, ఆ తర్వాత అదీ లేదు. చీకటి పడేదాకా వెతికాను, మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికాను. దొరకలేదు. నా చెయ్యి వణకలేదు, విల్లు మోసం చెయ్యలేదు. ఆ కోణంలో రెండో ఊపిరితిత్తి బాణానికి అందదని నేను చూసుకోలేదు, అంతే. ఇప్పటికీ ఆ జింక గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

బాణం తుపాకి గుండులా దెబ్బ తాకిడితో పడగొట్టదు. బాణం కొసన ఉండే బ్రాడ్‌హెడ్ (వేట ములికి) బ్లేడులు కోస్తాయి, నెత్తురు పోతుంది, ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి. రెండూ తెగితే జింక చాలాసార్లు వంద గజాల లోపే, కొన్ని సెకన్లలోనే పడిపోతుంది. ఒక్కటే తెగితే ఎంత దూరమైనా పోవచ్చు. అందుకే మన గురి ఎప్పుడూ రెండు ఊపిరితిత్తుల మీదే. ఎదిగిన జింకలో పక్కనుంచి చూస్తే అవి ఎనిమిది నుంచి పది అంగుళాల వెడల్పున ఉంటాయి. గుండె వాటికి కింద, ఛాతీ అడుగున, ముందు కాళ్ల మోచేతుల దగ్గర ఉంటుంది. ఊపిరితిత్తుల వెనక కాలేయం, దాని వెనక పొట్ట.

ఇప్పుడు మీకు సలహా ఇచ్చిన ఇద్దరి సంగతి. జింక పూర్తిగా పక్కకు తిరిగి నిలబడిందనుకోండి. జబ్బ ఎముక వీపు దగ్గర మొదలై కిందికి వస్తూ ముందుకు వాలుతుంది. అక్కణ్ణుంచి కింది ఎముక మళ్లీ వెనక్కి, మోచేతి వైపు వస్తుంది. ఆ రెండింటి వంపు వెనక, మోచేతికి పైన, ఎముక అడ్డం లేని చోటు ఉంది. కాబట్టి కాలికి సరిగ్గా పైన అన్నాయన చెప్పింది తప్పేమీ కాదు, కానీ చెయ్యి రెండు అంగుళాలు ముందుకు పోతే బాణం ఎముకకు తగులుతుంది. జానెడు వెనక అన్నాయన మాట వింటే, ఇంకో రెండు అంగుళాలు వెనక్కి పోయినా కాలేయమో పొట్టో తెగుతుంది. మొదటిసారి వెళ్తున్నవారికి రెండూ వద్దంటాను. ముందు కాలి వెనక మడత నుంచి రెండు మూడు వేళ్ల వెడల్పు వెనక్కి, ఛాతీ లోతులో కింది నుంచి మూడో వంతు ఎత్తున పెట్టండి. అక్కణ్ణుంచి ఎటు కాస్త తప్పినా ఊపిరితిత్తే తగులుతుంది. ఇవతలి ముందు కాలు ముందుకు వేసి నిలబడితే మరీ మంచిది, కొద్దిసేపు ఓపిక పడితే చాలాసార్లు అదే వేస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భంగిమ వేరే ఉంది. జింక కొంచెం అటు తిరిగి, తల మనకు దూరంగా పెట్టి నిలబడటం. మన వైపు చూడదు, ఎముకలూ అడ్డం రావు. ఇక్కడ కాలి వెనక మడతను మరిచిపోండి. అవతలి ముందు కాలిని మనసులో చూసుకుని, బాణం అక్కడికి వెళ్లాలంటే ఇవతల ఎక్కడ దిగాలో లెక్క వేసుకోండి. ఒక్కోసారి ఆ చోటు చివరి పక్కటెముకల దాకా వెనక్కి వస్తుంది. చూడటానికి పొట్టలో కొడుతున్నట్టే ఉంటుంది, కానీ బాణం ముందుకు సాగుతూ రెండు ఊపిరితిత్తుల్నీ దాటుతుంది. మరీ ఎక్కువగా అటు తిరిగి ఉంటే మాత్రం వదిలెయ్యండి.

మన వైపు తిరిగి ఉన్నా, ఎదురుగా ఉన్నా, పూర్తిగా వెనక్కి తిరిగి ఉన్నా కొట్టకండి. తల, మెడ జోలికి అసలు పోవద్దు.

వెన్నెముకకు, ఊపిరితిత్తులకు మధ్య ఖాళీ ఉందని, అక్కడ తగిలితే జింక బతికిపోతుందని చాలామంది అంటారు. అలాంటి ఖాళీ లేదు. ఒకసారి వేటాడిన జింకను శుభ్రం చేస్తూ ఛాతీ లోపల చెయ్యి పెట్టి చూశాను. ఊపిరితిత్తులు ఉండే గది పైకప్పే వెన్నెముక. అసలు తేడా ఎక్కడంటే, భుజాల దగ్గర వెన్నెముక మనం అనుకునేదానికన్నా చాలా కిందుగా వెళ్తుంది. వీపు గీతకు, దానికి మధ్య ఉన్నది పొడవాటి ముళ్లలాంటి ఎముకలు, కండ. పైన తగిలి పారిపోయిన జింకల్లో చాలా వాటికి బాణం వెన్నెముకకు పైన పోయి ఉంటుంది. అందుకే ఎత్తుగా గురి పెట్టవద్దని ఇంతగా చెప్తున్నాను.

ఎత్తు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. సెకనుకు 280 అడుగుల వేగంతో పోయే బాణం 20 గజాలు చేరడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. నారి చప్పుడు అందులో నాలుగో వంతు సమయంలోనే జింక చెవిన పడుతుంది. బెదిరిన జింక పారిపోవడానికి ముందు కాళ్లు మడిచి ఒక్కసారిగా కిందికి కుంగుతుంది. మీరు మధ్యలో పెట్టిన బాణం అప్పుడు వీపు మీదుగా పోతుంది. 30 గజాల్లో దానికి ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది. చెవులు నిక్కబొడిచి, మెడ సాచి మన వైపే చూస్తుంటే, గుండె పైఅంచు దగ్గర పెట్టండి. కదలకపోతే గుండె, కుంగితే ఊపిరితిత్తులు. 20 గజాలు దాటి ఉండి, అంత టెన్షన్‌గా నిలబడితే నేనైతే బాణం దించేస్తాను.

చెట్టు మీద నుంచి కొట్టేటప్పుడూ లెక్క అవతలి పక్క నుంచే. ఛాతీకి అవతల, కింది సగంలో బాణం బయటికి రావాలి. దానికి తగ్గట్టు ఇవతల కాస్త పైన దిగాలి. చెట్టు కిందికే వచ్చేస్తే ఆగండి, పదిహేను గజాలు నడిచి వెళ్లనివ్వండి. నేను ఆ రోజు చెయ్యనిది అదే.

బాణం వదిలాక జింక నిలబడిన చోటు, చివరిసారి కనబడిన చోటు గుర్తు పెట్టుకోండి. బాణం మీద గులాబీ రంగు నురగ నెత్తురు ఉంటే ఊపిరితిత్తి. అయినా అరగంట ఆగండి. ముదురు ఎరుపైతే కాలేయం, కనీసం నాలుగు గంటలు. ఆకుపచ్చ మడ్డి, పొట్ట వాసన ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదలకండి. తొందరపడి వెనక పడితే, పక్కనే పడుకుని ప్రాణం వదలాల్సిన జింక లేచి మైళ్లు పోతుంది.

సీజన్ మొదలయ్యేలోపు ఒక పని చెయ్యండి. జింక ఆకారంలో ఉండే త్రీడీ టార్గెట్ సంపాదించి దాని చుట్టూ తిరగండి. అవతలి పక్క, ఊపిరితిత్తుల మధ్యలో ఒక స్టిక్కర్ అంటించండి. ప్రతి కోణం నుంచీ, వీలైతే ఎత్తు నుంచి కూడా, ఆ కనబడని స్టిక్కర్ కోసం కొట్టండి. కొట్టిన ప్రతిసారీ బాణం కాడ వాలు ఎటు చూపిస్తోందో వెళ్లి చూడండి. రెండు వారాలు ఇలా చేస్తే జింక కనబడగానే కన్ను తనంతట తనే అవతలి కాలిని వెతుక్కుంటుంది.